నిజం కూడా కంతుల్లోనేనా? విమానయాన శాఖకు, విమాన సంస్థలకు ఒక ప్రయాణికుడి బహిరంగ లేఖ

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,
పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) అధికారులకు,
మన దేశంలో విమానాలు నడుపుతున్న సంస్థల యాజమాన్యాలకు,

నమస్కారం.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్ఫై ఒక్క ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారిని. ఉండేది అనకాపల్లి. ఈ ఉత్తరంలోని సంగతులే మొదట విమాన సంస్థకు మెయిల్ పెట్టాను. తర్వాత ఫిర్యాదుల పోర్టల్లో రాశాను. ఆ తర్వాత రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. మెయిల్‌కు రెండు వాక్యాల జవాబు వచ్చింది. పోర్టల్లో 'పరిష్కారమైంది' అని చూపించి మూసేశారు, ఏది పరిష్కారమైందో మాకైతే తెలియదు. రిజిస్టర్డ్ పోస్టుకు రసీదు ఒక్కటే మిగిలింది. అందుకని ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను. సంస్థ పేరు మాత్రం రాయను. నా గొడవ ఒక్క కంపెనీతోనే అయితే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లేవాణ్ని. నా మాట విని "మాకూ ఇలాగే అయింది" అన్నవాళ్లలో రకరకాల కంపెనీల టికెట్లు కొన్నవాళ్లున్నారు.

ముందు జరిగింది చెబుతాను.

పోయిన ఏడాది వేసవిలో, ఒక శనివారం మధ్యాహ్నం, మా ఆవిడ వాళ్ల అన్నయ్య హైదరాబాద్‌లో గుండెపోటుతో పోయారు. మా అత్తగారు మా దగ్గరే ఉంటారు. ఆవిడకు డెబ్బై తొమ్మిదేళ్లు. కొడుకును కడసారి చూసుకోవాలి. ఎండలు మండిపోతున్నాయి, మర్నాడు పొద్దున్న పదిన్నరకు తీసుకెళ్లక తప్పదని అక్కడివాళ్లు చెప్పారు. విశాఖపట్నం నుంచి రాత్రి 7:40 విమానానికి మూడు టికెట్లు తీశాను. అంతకు రెండు నెలల ముందు అదే ప్రయాణానికి నేను పెట్టిన దానికి దాదాపు మూడింతలు పడింది. ఆ రోజు ధర గురించి ఆలోచించలేదు. అలాంటి రోజున ఎవరూ ఆలోచించరు, ఆ సంగతి మీ కంప్యూటర్లకు మాకంటే బాగా తెలుసు.

ఆరు గంటలకల్లా విమానాశ్రయంలో ఉన్నాం. 6:15కు ఫోన్‌లో మెసేజ్: విమానం 8:10కి బయల్దేరుతుంది. సరే అనుకున్నాం. సామాను ఇచ్చేసి, తనిఖీ అయ్యి, లోపల కూర్చున్నాం. 7:30కి ఇంకో మెసేజ్: 8:50. ఎనిమిదిన్నరకు మరొకటి: 9:30. తొమ్మిదీ ఇరవైకి మరొకటి: 10:15. పది దాటాక టైము కూడా పోయింది, "త్వరలో తెలియజేస్తాం" అని మాత్రమే ఉంది. 11:05కి రద్దు.

ఇందులో మేం మరిచిపోలేనిది ఒకటుంది. మా పక్కన ఒక కుర్రాడు కూర్చున్నాడు, ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తాడట. ఏ విమానం ఎక్కడుందో చూపించే యాప్ ఒకటి తెరిచి, "మాస్టారూ, మనం ఎక్కాల్సిన విమానం ఇంకా వేరే ఊళ్లోనే ఉందండీ. అక్కడ నేల మీదే ఉంది" అన్నాడు. అప్పటికి టైము ఏడు కూడా కాలేదు. ఆ విమానం అక్కడ లేచి, ఇక్కడికి వచ్చి, జనం దిగి, మేం ఎక్కి బయల్దేరేసరికి ఎంత లేదన్నా పది దాటుతుందని ఆ కుర్రాడు వేళ్ల మీద లెక్క కట్టి చెప్పాడు. గేటు దగ్గర ఉన్న అమ్మాయిని అడిగితే "ఇంకో అరగంట సార్" అంది. ఆ పిల్లను తప్పుపట్టను. ఆమె చేతికి ఇచ్చిన కాగితంలో అంతే రాసి ఉంటుంది.

రద్దయ్యాక సామాను వెనక్కి రావడానికి యాభై నిమిషాలు పట్టింది. బయటికొచ్చి కారు మాట్లాడుకుని అర్ధరాత్రి బయల్దేరాం. పద్దెనిమిది వేలు. అత్తగారు ఒక్కసారీ ఏడవలేదు, విజయవాడ దాటేదాకా "ఎంత దూరం బాబూ" అని అడుగుతూనే ఉన్నారు. సూర్యాపేట దగ్గర ఉండగా ఫోన్ వచ్చింది, ఇక ఆపలేమని. మేం చేరేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర. ఇంటి ముందు నీళ్లు చల్లేసి ఉన్నాయి.

ఏడు గంటలకే నిజం చెప్పి ఉంటే, అదే కారు, అదే రోడ్డు, అదే డ్రైవరు మమ్మల్ని తెల్లారి ఎనిమిదికల్లా చేర్చేవాడు. కారు ఉంది, రోడ్డు ఉంది. మాకు లేనిదల్లా సమాచారం. అది మీ దగ్గర ఉంది.

విమానాలంటే గిట్టక రాస్తున్న మాట కాదిది. 2019లో బెంగళూరులో మా అమ్మాయికి ఏడో నెలలోనే నొప్పులొస్తే, ఇంట్లో చెప్పులేసుకున్న నాలుగున్నర గంటల్లో ఆసుపత్రి మెట్ల మీద ఉన్నాం. రైలైతే మర్నాడు సాయంత్రం. ఆ మనవడికిప్పుడు బడికెళ్లే వయసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా విశాఖ విమానాశ్రయాన్ని చిందరవందర చేస్తే, కొద్ది రోజుల్లోనే మళ్లీ విమానాలు లేపారు, అది చూసి చేతులెత్తి దండం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఒకసారి విమానం దిగబోయే ముందు కెప్టెన్ తెలుగులో "ఎడమ పక్క కూర్చున్నవాళ్లకు సముద్రం కనబడుతుంది" అంటే లోపల అందరూ చప్పట్లు కొట్టారు. ఇవన్నీ గుర్తున్నాయి. అందుకే అడిగే హక్కు ఉందనుకుంటున్నాను.

పొగమంచు, తుఫాను, ఇంజన్లో లోపం, వీటి కోసం ఎన్ని గంటలైనా ఆగుతాం. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం కూలి అందులోని 242 మందిలో 241 మంది పోయాక, "లోపం ఉంది, ఆగండి" అంటే ఎందుకాగాలి అనే ప్రయాణికుడు ఎవరూ ఉండరు. లోపం ఉందని మాతో చెప్పాలి, అంతే.

ఇక మేం అడిగేవి.

1. విమానం ఎక్కడుందో చెప్పండి.

ఒక్కో విమానం రోజుకు అయిదారు ఊళ్లు తిరుగుతుందని, పొద్దున్న ఒకచోట గంట ఆలస్యమైతే అది సాయంత్రానికి పెరుగుతూ వస్తుందని ఇప్పుడు అందరికీ తెలుసు. అంటే మా రాత్రి 7:40 విమానం ఆలస్యమవుతుందని మీ కంట్రోల్ రూములో మధ్యాహ్నానికే తెలిసి ఉంటుంది. అయినా అరగంట, నలభై నిమిషాలు అంటూ ముక్కలు చేసి ఎందుకు చెబుతారు? నాకు తోచిన కారణం ఒక్కటే. మొదటే "మూడు గంటలు" అంటే జనం టికెట్ రద్దు చేసుకుని డబ్బు వెనక్కి అడుగుతారు, ఇంకో కంపెనీకి పోతారు. అరగంట అంటే ఎవరూ లేవరు. అప్పు తీర్చేవాడు కంతులు కడితే అర్థముంది, నిజాన్ని కంతుల్లో ఇవ్వడం ఏమిటి?

దీనివల్ల నష్టపోయేది మాలాంటి చావు ఇంటివాళ్లే కాదు. ఆ రాత్రి మాతో ఉన్నవాళ్లలో మర్నాడు ఉదయం పోటీ పరీక్ష రాయాల్సిన అమ్మాయి ఉంది. హైదరాబాద్ నుంచి తెల్లవారుజామున గల్ఫ్ విమానం ఎక్కాల్సిన తాపీ మేస్త్రి ఉన్నాడు. అతనివి రెండూ వేర్వేరు టికెట్లు. రెండో విమానం తప్పిపోతే రెండో కంపెనీకి సంబంధం లేదు, మొదటి కంపెనీకీ సంబంధం లేదు. రాత్రి పదికి అతను తనకు పని ఇచ్చినాయనకు ఫోన్ చేసి బతిమాలుతుంటే విన్నాను. ఏమైందో తెలియదు.

కాబట్టి, ఆలస్యం మెసేజ్ పంపినప్పుడల్లా మూడు సంగతులు ఉండాలి: రావాల్సిన విమానం ఇప్పుడు ఏ ఊళ్లో ఉంది, ఆలస్యానికి కారణం ఏమిటి, ఎంత తక్కువలో తక్కువైనా ఎప్పటికి బయల్దేరగలదు. ఆ కుర్రాడి ఫోన్‌లో ఉచితంగా దొరికిన సమాచారం డబ్బు కట్టిన ప్రయాణికుడికి దొరకకపోవడం సిగ్గుచేటు. రెండు గంటలు మించుతుందని తెలిసిన క్షణం నుంచి, వద్దనుకున్నవాడికి అక్కడికక్కడే పూర్తి డబ్బు, అరగంటలో సామాను చేతికి ఇవ్వాలి. ఇప్పటి నిబంధనల్లో రీఫండు మాట ఆరు గంటలు దాటితేనే వస్తుంది. ఆరు గంటల్లో అనకాపల్లి నుంచి ఏలూరు దాటిపోవచ్చు.

2. 'ఏది తక్కువైతే అది' అన్న మాట కొట్టేయండి.

డీజీసీఏ వాళ్ల నిబంధన ఒకటుంది, 2010లో తెచ్చి తర్వాత సవరిస్తూ వచ్చారు. ముందుగా చెప్పకుండా విమానం రద్దు చేస్తే, గంటలోపు ప్రయాణానికి రూ.5,000, గంట నుంచి రెండు గంటలకు రూ.7,500, అంతకు మించితే రూ.10,000 పరిహారం. చదవగానే సంతోషంగా ఉంటుంది. దాని పక్కనే ఉంది అసలు మాట: ఆ మొత్తం గానీ, టికెట్‌లోని మూల ధర, ఇంధన ఛార్జీ కలిపినది గానీ, ఏది తక్కువైతే అది. ఇక ఎన్ని గంటలు ఆలస్యమైనా, చివరికి విమానం లేస్తే, నగదు పరిహారం సున్నా. రెండు గంటలు దాటాక తిండి పెడతారు. మాకు ఉప్మా డబ్బా, పండ్లరసం ఇచ్చారు. అత్తగారు ముట్టలేదు.

రాత్రి బస సంగతి ఇంకా విచిత్రం. ఆరు గంటలు దాటిన ఆలస్యానికి హోటల్ గది ఇవ్వాలంటే విమానం రాత్రి 8 నుంచి తెల్లవారుజాము 3 మధ్యలో బయల్దేరాల్సిందై ఉండాలి. మాది 7:40. ఇరవై నిమిషాల తేడా. మాకు గది అవసరం లేకపోయింది గానీ, విజయనగరం అవతల నుంచి వచ్చిన ఒక కుటుంబం చంటిపిల్లతో కుర్చీల్లోనే పడుకుంది.

ఐరోపా యూనియన్‌లో 2005 నుంచి 261 నంబరు నిబంధన అమల్లో ఉంది. అక్కడి కోర్టు తీర్పుల పుణ్యమా అని, సంస్థ తప్పువల్ల మూడు గంటలకు పైగా ఆలస్యంగా చేరినా దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోల దాకా ఇవ్వాలి. అది అక్కడి నుంచి బయల్దేరే ఏ దేశపు విమానానికైనా వర్తిస్తుంది. అంటే మన దేశపు కంపెనీ విమానమే ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆలస్యమైతే ప్రయాణికుడికి డబ్బు, విశాఖలో ఆలస్యమైతే ఉప్మా. ఇద్దరూ ఒకే కంపెనీకి టికెట్ డబ్బు కట్టినవాళ్లే. వాళ్ల లెక్కే ఇక్కడ పెట్టమనడం లేదు, మన ఆదాయాలు, మన టికెట్ ధరలు వేరు. మూడు గంటలు దాటిన ఆలస్యానికి, సంస్థ చేతిలో ఉన్న కారణమైతే, టికెట్ ధరతో ముడిపెట్టని ఒక స్థిరమైన మొత్తం పెట్టండి.

'ఆపరేషనల్ కారణాలు' అనే మాటకు అర్థం చెప్పండి. మాకొచ్చిన రెండు వాక్యాల జవాబులో ఉన్న కారణం అదే. బడికి ఎందుకు రాలేదురా అంటే "పని ఉంది మాస్టారూ" అని మా పిల్లలు చెప్పేవాళ్లు, అలా ఉంది. తప్పించుకోలేని కారణమైతే అది ఏమిటో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. నిరూపించాల్సిన బాధ్యత కంపెనీది, మాది కాదు.

3. జరిమానా ఖజానాకు, బాధ మాకు. ఇది మార్చండి.

2024 జనవరిలో గోవా నుంచి ఢిల్లీ వెళ్లాల్సిన విమానం ముంబైకి మళ్లితే, ప్రయాణికులు విమానం పక్కనే నేల మీద కూర్చుని అన్నం తిన్న దృశ్యం దేశమంతా చూసింది. ఆ సంస్థకు రూ.1.20 కోట్ల జరిమానా వేశారు. మంచిదే. అందులో ఆ నేల మీద కూర్చున్నవాళ్లకు ఒక్క రూపాయి వెళ్లలేదు. 2025 డిసెంబరు సంగతి అంతకంటే పెద్దది. పైలట్ల విశ్రాంతి నిబంధనలు 2024 జనవరిలోనే ప్రకటించారు. వారానికి 36 గంటల విశ్రాంతిని 48 గంటలకు పెంచారు, రాత్రి ల్యాండింగులను ఆరు నుంచి రెండుకు తగ్గించారు. చివరి విడత 2025 నవంబరు 1న అమల్లోకి వచ్చింది. దాదాపు రెండేళ్ల సమయం ఉంది. అయినా దేశంలో అతిపెద్ద సంస్థ ఇండిగోకు పైలట్లు చాలలేదు. డిసెంబరు 5 ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. మాల వేసుకుని ఇరుముడితో శబరిమల బయల్దేరిన అయ్యప్ప స్వాములు శంషాబాద్‌లో గంటల తరబడి నిలబడ్డారు. హుబ్బళ్లిలో ఒక కొత్త జంట తమ రిసెప్షన్‌కు తామే వీడియోలో హాజరైంది.

జరిమానా పడింది, రూ.22 కోట్లకు పైనే. కానీ ఆ రోజుల్లో అన్నిటికంటే నన్ను భయపెట్టింది, విమానాలు మళ్లీ నడవడం కోసం ఆ విశ్రాంతి నిబంధనల్లో కొన్నింటిని ఆ సంస్థకు తాత్కాలికంగా సడలించడం. అయ్యా, మా ప్రయాణం ఒక రోజు ఆగినా ఫరవాలేదు. నిద్ర లేని పైలట్ చేతిలో మమ్మల్ని పెట్టొద్దు. మా ఇబ్బందిని చూపించి వాళ్ల విశ్రాంతిని కోయొద్దు. ప్రయాణికులుగా మేం అది అడగలేదు, అడగం.

మేం అడిగేది ఇది: వేసిన జరిమానాలో కొంత భాగం ఆ రోజు ఇబ్బంది పడ్డవాళ్ల ఖాతాల్లోకి నేరుగా వెళ్లాలి. పీఎన్‌ఆర్ నంబర్లు కంపెనీ దగ్గరే ఉంటాయి, బ్యాంకు వివరాలూ టికెట్ కొన్న దారిలోనే ఉంటాయి. డబ్బు తీసుకోవడానికి మూడు సెకన్లు పట్టే చోట తిరిగివ్వడం కష్టమంటే ఎవరు నమ్ముతారు? ఎన్ని విమానాలకు ఎంతమంది పైలట్లు కావాలో, ఎంతమంది ఉన్నారో చూపించనిదే కొత్త షెడ్యూలుకు అనుమతి ఇవ్వొద్దు.

4. చావు కబురు మీద లాభం వద్దు.

1994లో విమానరంగాన్ని ప్రైవేటుకు తెరిచాక ధరలు మార్కెట్‌వే అంటారు. సరే. కరోనా సమయంలో 2020 మే నుంచి 2022 ఆగస్టు దాకా టికెట్ ధరలకు కింది హద్దు, పై హద్దు ప్రభుత్వమే పెట్టింది. 2025 డిసెంబరు 6న పై హద్దు మళ్లీ పెట్టింది, 500 కిలోమీటర్ల లోపు రూ.7,500, వెయ్యి లోపు రూ.12,000, 1,500 లోపు రూ.15,000, ఆ పైన రూ.18,000. అంటే చేయాలనుకుంటే ఒక్క రాత్రిలో చేయగలరు. దేశంలో విమానం ఎక్కే పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది రెండు గ్రూపుల (ఇండిగో, ఎయిరిండియా) విమానాలే ఎక్కుతున్నప్పుడు దాన్ని మార్కెట్ అనడం కూడా కష్టమే.

ఇందులో అన్నిటికంటే దెబ్బతినేది గల్ఫ్ కుటుంబాలు. జగిత్యాల, కామారెడ్డి, నిజామాబాద్ వైపు నుంచి దుబాయ్, మస్కట్ వెళ్లినవాళ్లు, రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు. ఇంట్లో తండ్రి పోయాడని తెలిస్తే యజమాని కాళ్లు పట్టుకుని సెలవు సంపాదిస్తారు, తీరా టికెట్ ధర చూసి ఆగిపోతారు. కొడుకు రాలేదని ఊళ్లో నిందలు పడతారు. ఆ నింద వెనక ఏ కంప్యూటర్ వేసిన ధర ఉందో ఊళ్లోవాళ్లకు తెలియదు.

ప్రతి విమానంలో నాలుగు సీట్లు చివరి రోజు దాకా పక్కన పెట్టి, దగ్గరి రక్తసంబంధీకుల మరణానికో ప్రాణాపాయానికో వెళ్లేవాళ్లకు మామూలు ధరకే ఇవ్వండి. తర్వాత మరణ ధ్రువీకరణ పత్రం పంపమనండి, పంపనివాడి దగ్గర తేడా వసూలు చేసుకోండి. ఎవరూ తీసుకోకపోతే గేటు మూసే రెండు గంటల ముందు అమ్ముకోండి. సంక్రాంతికి, దసరాకి గరిష్ఠ ధర ఎంతో నెల ముందే పేపర్లో వేయండి.

5. తెలుగులో చెప్పండి.

ప్రకటనలు ముందు స్థానిక భాషలో చేయాలని 2018 చివర్లో విమానాశ్రయాలకు ఆదేశాలిచ్చారు. అప్పటి మంత్రి సురేశ్ ప్రభు గారు ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు వెళ్లినవారే. ఆ తర్వాత అనేక విమానాశ్రయాలు 'నిశ్శబ్ద' విమానాశ్రయాలయ్యాయి, మైకులో పిలుపే లేదు, అంతా తెర మీద, ఫోన్ మీద. చదువుకున్నవాళ్లకు హాయి. మా అత్తగారికి తెర మీద ఇంగ్లీషు, ఫోన్‌లో ఇంగ్లీషు. ఆ రాత్రి ఆరు మెసేజ్‌లు వస్తే ఆరింటినీ నేను ఆవిడకు తెలుగులో చెప్పాను. ప్రతిసారీ కాస్త అబద్ధం కలిపి చెప్పాను, అది వేరే సంగతి.

టికెట్ కొనేటప్పుడే భాష ఎంచుకునే వీలు పెట్టండి. ఆలస్యం, రద్దు, గేటు మార్పు మెసేజ్‌లు ఆ భాషలో రావాలి. తెలుగు రాష్ట్రాల నుంచి లేచే ప్రతి విమానంలో భద్రతా సూచనలు తెలుగులోనూ చెప్పాలి. ఆక్సిజన్ మాస్కు ఎలా పెట్టుకోవాలో అర్థం కాని భాషలో చెబితే చెప్పినట్టు కాదు. గల్ఫ్ విమానాల్లో మరీ ముఖ్యం.

6. వీల్‌చైర్.

2024 ఫిబ్రవరిలో ముంబైలో ఎనభై ఏళ్ల ప్రయాణికుడొకరు, ఇద్దరికి ఒకే వీల్‌చైర్ దొరికితే భార్యను కూర్చోబెట్టి తాను నడుస్తూ కుప్పకూలి పోయారు. సంస్థకు రూ.30 లక్షల జరిమానా. నడవగలిగినవాళ్లు కూడా క్యూ తప్పించుకోవడానికి వీల్‌చైర్ అడుగుతారని కంపెనీలు అంటున్నాయి. నిజమే, నేనూ చూశాను, విమానం దిగగానే లేచి చకచకా నడిచిపోయినవాళ్లను. మనవాళ్లు కూడా సిగ్గు తెచ్చుకోవాలి. అలాగని ముసలివాళ్లను అనుమానించడం పరిష్కారం కాదు. ఎన్ని కుర్చీలు అడిగారు, ఎన్ని ఇచ్చారు, ఎంతసేపు ఆగారు, ఈ లెక్క ప్రతి నెలా విమానాశ్రయం వారీగా బయటపెట్టండి. అత్తగారిని తోసుకొచ్చిన కుర్రాడు మాత్రం బంగారం. రద్దయ్యాక డ్యూటీ అయిపోయినా వెళ్లకుండా కారు దాకా వచ్చి ఎక్కించాడు.

7. చిన్న ఊళ్లను మధ్యలో వదిలేయొద్దు.

2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు తక్కువ ధరలో విమానాలు నడిపే ఉడాన్ పథకం మొదలైనప్పుడు సిమ్లా–ఢిల్లీతో పాటు మన కడప–హైదరాబాద్ కూడా జెండా ఊపిన మార్గాల్లో ఉంది. హవాయి చెప్పులేసుకున్నవాళ్లూ విమానం ఎక్కాలన్నారు ప్రధాని. గంట ప్రయాణానికి రూ.2,500 అన్నారు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక ఏమంది? మూడో విడత దాకా కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ల సబ్సిడీ గడువు పూర్తి చేసుకున్నవి 112. ఆ తర్వాత కూడా నడిచినవి 54. ఒక ఊరికి విమానం వస్తే అక్కడి డాక్టరు, వ్యాపారి, కాలేజీ దాన్ని నమ్ముకుని లెక్కలు వేసుకుంటారు. మూడేళ్లకు అది ఎగిరిపోతే తిరిగి రాదు. మంత్రిగారూ, భోగాపురంలో పెద్ద విమానాశ్రయం కట్టారు, వరంగల్ మామునూరుకు 2025లో అనుమతి వచ్చింది, సంతోషం. భవనం కంటే ముందు ఆ ఊళ్ల నుంచి రోజుకు ఎన్ని విమానాలు, ఎన్నేళ్ల పాటు నడుపుతారో కంపెనీల దగ్గర రాయించుకోండి. మానేస్తే ఆరు నెలల ముందు ఊరికి చెప్పాలి.

8. చిన్నచిన్నవి.

కోల్‌కతాలో 2024 డిసెంబరులో మొదలుపెట్టిన పది రూపాయల టీ కొట్టు మంచి పని, ప్రతి విమానాశ్రయంలో, భద్రతా తనిఖీ దాటాక కూడా ఉండాలి. అసలు ఆలస్యమైనప్పుడు జనం ఉండేది అక్కడే. అయ్యప్ప స్వాములు ఇరుముడి కొబ్బరికాయ చేతి సంచిలో తెచ్చుకోనిచ్చారు, థాంక్స్. దేశంలోపల సామాను పోతే పరిహారం గరిష్ఠంగా రూ.20,000 అనేది ఎన్నేళ్ల కిందటి లెక్కో చూసుకోండి. ఫిర్యాదు చేసినవాడు "సరే" అనకుండా పోర్టల్లో ఫిర్యాదు మూసేయడం ఆపండి.

మంత్రిగారికి ఒక్క మాట విడిగా. మీరు శ్రీకాకుళం వారు. మీకు కొన్నేళ్ల ముందు ఇదే శాఖ చూసిన అశోక్ గజపతిరాజు గారు విజయనగరం వారు. మా వైపు నుంచి ఇద్దరు ఈ కుర్చీలో కూర్చున్నారని మేం గొప్పగా చెప్పుకుంటాం. చావు కబురు వస్తే చూపు దక్కడానికి మనవైపు మనుషులు ఎంత తాపత్రయపడతారో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మా పీఎన్‌ఆర్ నంబరు, ఆ రాత్రి వచ్చిన ఆరు మెసేజ్‌లు, కారు రసీదు, మూసేసిన ఫిర్యాదు నంబరు, అన్నీ రిజిస్టర్డ్ పోస్టులో పంపిన కవరులో ఉన్నాయి. కవరు దొరక్కపోతే మళ్లీ పంపుతాను. నాకు పరిహారం వద్దు. పై ఎనిమిదింటిలో ఏవి చేస్తారు, ఏవి చేయరు, చేయనివి ఎందుకు చేయరు, నెల రోజుల్లో రాతపూర్వకంగా చెప్పమని కోరుతున్నాను. జవాబు తెలుగులో రాయించండి. మా అత్తగారికి చదివి వినిపించాలి. ఈసారి ఏమీ కలపకుండా.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు,
అనకాపల్లి